నీళ్లలో కదలని గుడ్డు

పొదిగే పెట్టను నక్క ఎత్తుకుపోయాక గుడ్ల బాధ్యత చున్యే నెత్తిన పడింది. వేడి మట్టి అరుగు మీద పాత దూది దుప్పటి మడతల్లో పెట్టి, పూటపూటకూ తిప్పుతూ కంటికి రెప్పలా చూసుకుంది. గడువు దాటినా ఒక్కటీ పగల్లేదు.

బయట శరత్కాలపు ముసురు. గుట్టను తొలిచి కట్టుకున్న ఇల్లు కావడంతో పట్టపగలే లోపల చీకటి. అరుగు కింది పొయ్యిలో మొక్కజొన్న కండెలు పొగ చిమ్ముతున్నాయి. తడి మట్టి వాసన గోడల్లోంచి వస్తోంది. ఆ వాసన చున్యేకు పడదు. కిందటేడు ఇలాంటి ముసురులోనే బంగాళాదుంపలు దాచే సొరంగం కూలి, ఆమె మొగుడు షీలియాంగ్ లోపల ఉండిపోయాడు.

ఆ రోజు అత్త చున్యేను గడప దాటనివ్వలేదు. సొరంగమున్న గట్టు మీదికి పరుగెత్తినవాడు మరిది మాన్‌చాన్ ఒక్కడే. ఒళ్లంతా మట్టితో తిరిగొచ్చి, "పార కర్రతో మూడుసార్లు తట్టాను వదినా. చెవి పెట్టి విన్నాను. ఏమీ వినిపించలేదు," అన్నాడు. వాన తెరిపి ఇచ్చాకే తవ్వి తీశారు. చున్యే చూసేసరికే శవం చేతులకు అత్త గుడ్డ చుట్టేసింది. ఎందుకని చున్యే అడగలేదు.

రేపు బంధువులొస్తారు. మాన్‌చాన్‌తో ఆమెకు ముడి వేస్తారు. అన్న కోసం చెవి పెట్టి విన్న మనిషి కదా అన్న ఒక్క నమ్మకం మీదే ఆమె సరేనంది.

"నీళ్లు పెట్టు. బతికినవేవో, పోయినవేవో తేల్చేద్దాం," అంది అత్త.

చున్యే గోరువెచ్చని నీళ్లు బేసిన్‌లో పోసి మోచెయ్యి ముంచి చూసింది. పగులు పట్టని గుడ్లనే నీళ్లలో వదలాలి. నీళ్లు నిలకడగా ఉండాలి. లోపల ప్రాణముంటే గుడ్డు తనంతట తనే ఊగుతుంది. ఊగకపోతే బేసిన్ అంచు మీద చాప్‌స్టిక్‌తో మూడుసార్లు తట్టి అడగడం ఆ ఇంటి ఆనవాయితీ. అడక్కుండా దేన్నీ పోయిందనకూడదు.

"ఈ పిల్లలు బద్ధకంలో అచ్చం మా అమ్మ పోలికే వదినా," అన్నాడు మాన్‌చాన్ చాప్‌స్టిక్ అందుకుంటూ.

"నోర్ముయ్యరా. నిన్ను కనేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది," అంది అత్త.

చున్యే నవ్వింది. గుడ్లు ఒకటొకటే ఊగాయి. ఊగినవాటిని తుడిచి, వెచ్చగా ఉంటాయని దూది కోటు లోపల గుండెకు ఆనించి పెట్టుకుంది.

చివరిది ఊగలేదు.

మాన్‌చాన్ తట్టాడు. టక్... టక్... టక్.

నీళ్లు కదల్లేదు. గుడ్డు కదల్లేదు. లోపలినుంచి మాత్రం వచ్చింది... టక్... టక్... టక్.

ముక్కు తగిలిన చప్పుడు కాదది. గోటితో గోడను తట్టినట్టుంది.

మాన్‌చాన్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "ఇది పోయింది."

"మళ్లీ తట్టు," అంది చున్యే.

"పోయిందన్నానుగా. చెవి పెట్టి విన్నాను. ఏమీ వినిపించలేదు."

అవే మాటలు. అదే గొంతు. ఆ రోజు కూడా ఇలాగే కళ్లు నేలకు దించేశాడు.

"అత్తా, నీకు వినిపించిందా?"

అత్త గోడ వైపు తిరిగింది.

"ఆ రోజు మన్ను ఇంకా జారుతూనే ఉంది అమ్మాయ్," అని గొణిగింది. "నేనే వద్దన్నాను. ఒకడు లోపలుంటే రెండోవాణ్ణి కూడా పంపనా?"

"నా మొగుడు లోపలినుంచి ఎంతసేపు తట్టాడు?"

అత్త దుప్పటి మడత సర్దింది.

"ఎంతసేపు?"

"రెండో రోజు రాత్రి దాకా," అన్నాడు మాన్‌చాన్.

గుడ్డ చుట్టిన ఆ చేతులు చున్యే కళ్ల ముందుకొచ్చాయి. ఏడాదిగా వీళ్లతో ఒకే కుండలో తింది. వీడి బట్టలకు మాసికలు వేసింది. కన్న తల్లి, తోడబుట్టిన తమ్ముడు విని కూడా ఊరుకున్నారు. పెళ్లాం ఒక్కత్తే వినలేదు, ఆమెను విననివ్వలేదు.

"పిచ్చి చప్పుళ్లు. చూడు," అంటూ మాన్‌చాన్ గుడ్డును బేసిన్ అంచుకు కొట్టాడు.

లోపల పిల్ల లేదు. సొన లేదు. పసుపుపచ్చటి గుట్ట మన్ను, తడిగా, కుక్కినట్టు.

చున్యే లేచింది. గుండెకు ఆనిన గుడ్లను చేత్తో పట్టుకుని వానలోకి నడిచింది. ఆమె వెనకాల తలుపు దానంతటదే మూసుకుంది. తిరిగి చూస్తే బయటి గొలుసు కొండీకి పడి ఉంది. తను వెయ్యలేదు.

గుట్ట మీంచి మన్ను రాలడం మొదలైంది... ముందు సన్నగా... తర్వాత గడ్డలుగా.

లోపల తలుపు బాదారు. "వదినా... గొలుసు తియ్యి..."

"అమ్మాయ్... నీ కాళ్లు పట్టుకుంటా..."

చున్యే చెయ్యి గొలుసు దాకా వెళ్లింది. అక్కడే ఆగింది.

లోయ అవతలినుంచి పొరుగాయన కేక వేశాడు. "ఏంటమ్మా ఆ చప్పుడు?"

"ఏమీ వినిపించట్లేదు బాబాయ్," అంది చున్యే.

కాసేపటికి బాదడం ఆగింది. కేకలూ ఆగాయి. వాన చప్పుడే మిగిలింది.

అప్పుడు లోపలినుంచి ఎవరో తొందర లేకుండా తట్టారు. టక్... టక్... టక్.

ఆమె కోటు లోపల ఒక గుడ్డు బదులు తట్టింది.