రెండో లాగిన్

నాందేడ్ జిల్లాలో ఉమ్రి దాటి రెండు కిలోమీటర్లు పోతే, చేల నడుమ రేకుల కప్పుతో పొడవాటి తెల్ల కట్టడం ఒకటి కనిపిస్తుంది. పసుపు బస్తాలు నిలవ ఉంచే కోల్డ్ స్టోరేజ్ అది. ప్రణాలి అక్కడ కంప్యూటర్ ఆపరేటర్. గదుల్లో చలి ఎంతుందో, ఏ తలుపు ఎప్పుడు తెరుచుకుందో, అన్నీ ఒకే కంప్యూటర్ పెట్టె చూసుకునేది. ఆ పెట్టెను ఆమె చూసుకునేది.

ఆ పెట్టెను నడిపేది విండోస్ కాదు, లినక్స్. బిగించినవాళ్లు బిగించి వెళ్లిపోయారు, నేర్పినవాళ్లు ఎవరూ లేరు. ఇస్లాపూర్ దగ్గరి పల్లెలో పుట్టి, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో మరాఠీ చదువుకున్న ప్రణాలికి ఆ నల్ల తెర మీది ఇంగ్లిష్ అక్షరాలు మొదట్లో గుండెదడ తెప్పించేవి. అప్పుడే ఆన్‌లైన్‌లో ఒక చాట్ గ్రూపు దొరికింది. పనిగట్టుకుని, ఊరికే సాయం చేసే మనుషులు అందులో ఉండేవారు. మిషన్‌లో ఏం తప్పు వచ్చిందో రాస్తే చాలు, ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు తెలుగులోనే జవాబిచ్చేవారు. రెండుసార్లు ఆమె ఉద్యోగం నిలబెట్టింది ఆ గ్రూపే.

ఆశ్వయుజ మాసం, ఆదివారం. పొద్దున్నుంచి వాన. పన్నెండు దాటాక వాచ్‌మన్ మారోతి ఫోన్ చేశాడు.

"బిడ్డా, పిడుగు పడ్డది. కరెంటు అస్తున్నది పోతున్నది, మిషన్ లేస్తలేదు. గదులు ఎచ్చగైతున్నయ్."

భర్త కైలాస్ టెంపోలో భక్తుల్ని మాహూర్ రేణుకమ్మ గుడికి తీసుకుపోయాడు. రెండేళ్ల కూతురిని అత్తమ్మకు అప్పజెప్పి, ప్రణాలి స్కూటీ మీద తడుస్తూ వచ్చింది.

మిషన్ ఉన్న గది చాలా చిన్నది. ఒక బల్ల, ఒక కుర్చీ, గోడకు ఒక బల్బు. చలి పోకుండా గోడల నిండా జానెడు మందాన నురగ పలకలు. కిటికీ లేదు. పక్కకు జరిగే బరువైన తలుపు ఒక్కటే, అది కూడా మోటారుతో నడిచేది. లోపలి నుంచి చేత్తో తీసే పిడి ఒకటి ఉండాలి గానీ అది తుప్పుపట్టి ఊడి ఎన్నాళ్లో అయింది. ఓనర్‌కు చెప్పారు. చూద్దామన్నాడు.

"కాకా, జనరేటర్ షురూ చెయ్. నేను చూస్త," అంటూ ఆమె లోపలికి పోయి కూర్చుంది.

జనరేటర్ గుర్రుమని మొదలైంది. బల్బు వెలిగింది. ఆ వెంటనే తలుపు, ఎవరూ ముట్టకుండానే, జరజరా జరిగి మూసుకుంది. తలుపు లోపలి గడియ టక్కుమని పడింది.

ప్రణాలి లేచి మీట నొక్కింది. తలుపు కదల్లేదు. తలుపును తెరిచే ప్రోగ్రాం ఈ మిషన్‌లోనే ఉంది, మిషనేమో లేవడం లేదు. ఆమె అరచేత్తో బాదింది. "కాకా!" అని పిలిచింది. నురగ గోడలు ఆ పిలుపును అక్కడికక్కడే మింగేశాయి.

భయపడలేదు. మిషన్ లేస్తే తలుపు తెరుచుకుంటుంది, అంతే కదా. ఫోన్‌కు సిగ్నల్ లేదు కానీ ఆఫీసు వైఫై మాత్రం ఆ గది దాకా వస్తుంది. కైలాస్‌కు మెసేజ్ పెట్టింది. ఒక్క టిక్కే పడింది, మాహూర్ ఘాట్ రోడ్డులో ఫోన్లు పనిచేయవు. మారోతి దగ్గర ఉన్నది నొక్కే బటన్ల ఫోన్. చాట్ గ్రూపు తెరిచింది. తెర మీద ఏమొచ్చిందో ఫొటో తీసి పెట్టి, "తలుపు మూసుకపోయింది, లోపలనే ఉన్న, జర తొందరగ చెప్పున్రి" అని రాసింది.

ఆదివారం మధ్యాహ్నం. ఎవరూ లేరు. అయిదు నిమిషాలు గడిచాయి.

అప్పుడు వచ్చింది జవాబు. పేరు దత్తు.

"పరేషాన్ గాకు తాయీ. నేనున్న. చెప్పినట్టు కొట్టు."

అక్కను తాయీ అని, అన్నను భావూ అని పిలిచే తన ఊరి మాట. ప్రణాలికి ప్రాణం లేచొచ్చింది. దత్తు ఒక్కో కమాండ్ రాస్తున్నాడు, ఆమె మిషన్ మీద కొడుతోంది, ఏమొచ్చిందో ఫోన్‌లో రాస్తోంది. పిడుగుకు డిస్క్ చెడింది, మొత్తం పరీక్ష చేయాలన్నాడు. మొదలుపెట్టింది. అంకెలు నెమ్మదిగా పాకుతున్నాయి. మూడు శాతం. నాలుగు.

"ఆ కీబోర్డు మీద ఎస్ అక్షరం సరిగ్గ పడది. గట్టిగ ఒత్తు," అని రాశాడు.

నిజంగానే పడదు. ఇలాంటి పాత కీబోర్డులు అన్నీ ఇంతేనేమో అనుకుందామె.

"దత్తు భావూ, మా వాచ్‌మన్ కాక నంబర్ రాస్త. ఒక్క ఫోన్ కొడ్తవా?"

నంబర్ రాసింది. నిమిషం ఆగి జవాబు వచ్చింది. "కొట్టిన. అస్తున్నడు. నువ్వు కుర్చీల కెల్లి లేవకు, పరీక్ష ఆగిపోతది."

ఆమె కూర్చుంది.

రెండున్నర అయింది. మారోతి రాలేదు. పరీక్ష నూరు దాకా వచ్చి, మళ్లీ సున్నా అయింది. "ఇంకొక్కసారి," అన్నాడు దత్తు. గంట మూడున్నర దాటింది. గదిలో చలి ఎక్కింది. పక్క గది నుంచి గోడ సందుల్లో దిగుతోందేమో. దాంతోపాటు సన్నగా ఒక వాసన... చలి మిషన్లలో వాడే గ్యాస్ వాసన. ముక్కు లోపల సూదులు గుచ్చినట్టు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కొంగు ముక్కుకు కట్టుకో. వాసన అస్తది," అని రాశాడు దత్తు.

ప్రణాలి చేయి ఆగిపోయింది. వాసన సంగతి తను రాయలేదు. ఫోన్ మీద వేలు పైకి జరుపుతూ తన మాటలన్నీ చదివింది. లేదు. ఎక్కడా రాయలేదు.

"నీకెట్ల తెలుసు?" అని అడిగింది.

తరువాత...

"ఇంకొక్కటి కొట్టు తాయీ."

కింద ఒక కమాండ్. అది మొదట్లో కొట్టించినదే. ఆ తర్వాత ఇచ్చినవీ అవే. మొదటి నుంచి చివరిదాకా, అదే వరుసలో, ఇప్పటికి మూడుసార్లు. మిషన్ బాగుపడడం లేదు. ఆమె కుర్చీలో కూర్చునే ఉంది, అంతే.

లేచి తలుపు దగ్గరికి పోయింది. రెండు పిడికిళ్లతో బాదింది. "కాకా! మారోతి కాకా!" దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. వెనక బల్ల మీద ఫోన్ మోగింది. దత్తు.

"కూసో."

మళ్లీ మోగింది.

"కూసోమన్న."

మూడోసారి మోగింది. ఇది దత్తు కాదు. శుభాంగి. దెగ్లూర్ అమ్మాయి, పుణెలో కాలేజీలో పాఠాలు చెబుతుంది, గ్రూపు మొదలుపెట్టినవాళ్లలో ఒకతె. ప్రణాలికి ఒక్కదానికే కనబడేలా విడిగా రాసింది.

"ప్రణాలీ, ఇప్పుడే చూసిన. గంటల కొద్ది ఎవరితోని మాట్లాడుతున్నవ్?"

"దత్తు చెప్తున్నడు గద."

"గ్రూపుల దత్తు అనేటోడు ఎవ్వడు లేడు. నీ మాటలొక్కటే ఉన్నయ్. సరే, కొట్టిన, అచ్చింది, ఇగ చెప్పు... అన్ని నువ్వే రాసినవ్. నీకు మంచిగనే ఉన్నదా?"

ప్రణాలి మారోతి నంబర్ శుభాంగికి పంపింది. గ్యాస్ వస్తున్నదని, తలుపు మూసుకపోయిందని రాసింది. "ఇప్పుడే చేస్తున్న," అంది శుభాంగి. "నీ మిషన్ల బయటోళ్లు ఎవరన్న దూరిన్రేమో. ఎవరెవరు లాగిన్ అయి ఉన్నరో చూడు." చిన్న కమాండ్ ఒకటి పంపింది. మూడే అక్షరాలు.

పరీక్షను మధ్యలో ఆపేసి ప్రణాలి ఆ మూడక్షరాలు కొట్టింది.

రెండు వరుసలు వచ్చాయి. మొదటిది తనది, ఒకటో తెర. ఒకే మానిటర్ మీద ఒక్కో లాగిన్‌కు ఒక్కో తెర ఇస్తుంది లినక్స్.

రెండోది దత్తు. రెండో తెర.

ఆమెకు అంతమాత్రం తెలుసు. నెట్ మీదుగా దూరం నుంచి వచ్చినవాళ్లు అలా కనిపించరు. ఎదుట కూర్చుని, ఈ పెట్టెకు తగిలించిన ఇదే కీబోర్డు మీద కొట్టినవాళ్లే అలా కనిపిస్తారు. ఆ పెట్టెకు ఉన్నది ఒకే కీబోర్డు. అది తన చేతుల కింద ఉంది.

గదిలో తన ఊపిరి పొగలా కనిపిస్తోంది. ఒక పొగ. అది కరిగిపోయింది... ఆమె ఊపిరి బిగబట్టింది.

కుడి చెవి పక్క నుంచి ఇంకో పొగ ముందుకు వచ్చింది.

తిరిగి చూడలేదు. తిరిగి చూస్తే అయిపోతుందని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. చేతులు కీబోర్డు మీదే ఉన్నాయి. తీయబోయింది. అంతలో వేళ్ల కింద కీలు కదిలాయి. వాటంతటవే... ఒకటి దిగింది. ఇంకొకటి. తెర మారింది. రెండో తెర. నల్లగా, ఖాళీగా. దాని మీద ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు మాటలు ఒక్కొక్కటే పడుతున్నాయి. ఎస్ దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆ కీ గట్టిగా, రెండుసార్లు దిగుతోంది.

"నేను గూడ అడిగిన. ఎవ్వరు చెప్పలే."

కొంచెం ఆగి,

"నువ్వు అడిగితే నేను చెప్పిన."

మళ్లీ ఆగి,

"పోకు తాయీ."

"నాకు బిడ్డ ఉన్నది," అని గుసగుసగా అంది ప్రణాలి. గొంతు మండిపోతోంది. "చిన్న బిడ్డ... నన్ను పోనియ్."

కీలు ఆగిపోయాయి. ఆమె చేతుల మీద చలి బరువుగా పడింది, ఎవరో చేతులు మోపినట్టు. తరువాత ఒక్కొక్క వేలే నొక్కబడింది. అవి ఆమె వేళ్లే. కొట్టించింది మాత్రం ఆమె కాదు. ఆమె పేరు. దాని కింద, మిషన్‌కూ గ్రూపుకూ ఆమె వాడే ఒకే పాస్‌వర్డ్. అది రెండో తెర మీద పడగానే దత్తు లాగిన్ మూసుకుని, అదే చోట ఆమె పేరుతో తెరుచుకుంది.

బల్బు ఆరిపోయింది.

చీకట్లో ఎంతసేపు ఉందో ఆమెకు తెలియదు. కొంగు నోట్లో కుక్కుకుని నేల మీద పడుకుంది, తలుపు కింది సందుకు ముఖం ఆనించి. ఇనుప గునపం తలుపులో దూరిన చప్పుడు, మారోతి ఏడుపు గొంతు, వాన వాసన... అంతవరకే గుర్తుంది.

నాందేడ్‌లో ఆసుపత్రిలో మూడు రోజులుంది. కైలాస్ పక్కనుంచి కదలలేదు. మారోతి రెండో రోజు వచ్చి మంచం కాళ్ల దగ్గర నిలబడ్డాడు.

"నాలుగింటికి ఎవరో ఆడిమనిషి ఫోన్ చేసింది బిడ్డా. అప్పుడే తెలిసింది నాకు. నువ్వు పని చేసుకుంటున్నవ్ అనుకున్న. అంతకుముందు నాకు ఎవ్వని ఫోన్ రాలే, రేణుకమ్మ తోడు."

"కాకా, దత్తు ఎవరు?"

మారోతి తువ్వాలుతో నోరు తుడుచుకున్నాడు. కైలాస్ వైపు చూశాడు.

"ఆ తలుపు బిగించినోడు. మిషన్ గూడ ఆడే పెట్టిండు. మొదటిసారి మూసి చూసినప్పుడు లోపలనే ఉండిపోయి సచ్చిండు... ఆ దినం గూడ ఆదివారమే. నేనప్పుడు నౌకరిల లేను." అంతే అన్నాడు. మరునాటి నుంచి మారోతి పనిలోకి పోలేదు.

ఇంటికి వచ్చాక శుభాంగి ఫోన్ చేసింది. చాలాసేపు అదీ ఇదీ మాట్లాడింది. చివరికి గొంతు తగ్గించి చెప్పింది.

"పాత మెసేజ్‌లన్ని ఎతికిన. మూడేండ్ల కింద ఒకడు అడిగిండు ప్రణాలీ. 'తలుపు తెరుచుకుంటలేదు, లోపల ఉన్న, ఎవరన్న ఉన్నరా' అని. ఎవ్వరం జవాబియ్యలే. తెల్లారి నేను చూసిన. నిన్నటి మాట గద, ఎట్లనో అయిపోయే ఉంటది అనుకున్న." "అనుకున్న," అని మళ్లీ అంది.

ప్రణాలి ఆ ఉద్యోగం మానేసింది. ఫోన్‌లోంచి గ్రూపును తీసేసింది. ఉమ్రి బజారులో ఒక బట్టల దుకాణంలో పనికి కుదిరింది. తలుపులు లేని దుకాణం, ముందంతా తెరిచే ఉంటుంది. రాత్రి మూసేముందు షట్టర్ దించేది వేరేవాళ్లు. రెండు నెలలకు నిద్ర కాస్త పట్టసాగింది. ఇంట్లో మాత్రం ఏ గది తలుపూ మూయనిచ్చేది కాదు.

సంక్రాంతి అయిన వారానికి శుభాంగి మళ్లీ ఫోన్ చేసింది. గొంతులో సంతోషం.

"ఏమే, మల్ల గ్రూపుల సాయం జేస్తున్నవ్! మంచిగనిపించింది. మాకన్న ఎక్కువ చెప్తున్నవ్ గద ఇప్పుడు. జర నిద్ర గూడ పోతుండు."

"నేనా?" అంది ప్రణాలి.

దుకాణంలో కొనేవాళ్లు ఉన్నారు. పొద్దున పదకొండు గంటలు, రోడ్డంతా ఎండ. ఆమె పక్కకు జరిగి, గోడకు ఆనుకుని, గ్రూపును మళ్లీ ఫోన్‌లో పెట్టుకుని తెరిచింది.

తన పేరు. వందల జవాబులు. ప్రింటర్ పనిచేయనివాళ్లకు, నెట్ రానివాళ్లకు, డిస్క్ పోయినవాళ్లకు. ఆమెకు ఎన్నడూ తెలియని సంగతులు, ఒక్కటీ తప్పు లేకుండా, ఓపికగా, తన మాటల్లో. అందరూ దండాలు పెట్టారు.

కిందికి జరిపింది. చివరిది సంకేత్ అనే అతనితో. బోధన్ దిక్కు ఒక గోదాములో పనిచేస్తాడట, పాత కాగితాలు పెట్టే గదిలో మిషన్ లేవడం లేదట. తన పేరుతో రాసేది అతన్ని అడిగింది, గదిలో ఇంకెవరైనా ఉన్నారా అని. లేరన్నాడు.

"అట్లైతే తలుపు లోపలి కెల్లి మూసుకోండ్రి అన్నా. గడియ గూడ పెట్టుండ్రి. అప్పుడు చెప్త."

దాని కింద సంకేత్ రాసిన ఒక్క వరుస ఉంది.

"మూసిన. ఇప్పుడేం చేయాలె?"

అది రాసి నాలుగు రోజులైంది. దాని కింద ఏమీ లేదు.