ఈకల గంప

కోటిరత్నం తవుడు కలిపిన గిన్నె పట్టుకుని పెరట్లోకొచ్చి "బ బ బ" అని పిలిచేసరికి కోళ్లన్నీ ఎగురుకుంటూ వచ్చాయి, ఒక్క పడుచు పుంజు తప్ప. అది గోడ వారన ఒక కాలు ముందుకీ, ఒక కాలు వెనక్కీ చాచి పడి ఉంది. లేవబోయి రెక్కలు కొట్టుకుంటోంది గానీ కాళ్లు సహకరించడం లేదు.

"ఇది కూడానా!" అంటూ గిన్నె కింద పెట్టేసింది. ఈసారి పొదిగించిన పిల్లల్లో సగం ఇలాగే పోయాయి. కొన్ని కుంటుపడి, కొన్ని తిండి మాని చిక్కి శల్యమై.

అవి ఉత్త కోళ్లు కావు ఆవిడకి. కాపురానికొచ్చేటప్పుడు వాళ్లమ్మ ఒళ్లో పెట్టి పంపిన పెట్ట సంతతి. పర్చూరు చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూడా జనం వచ్చి గుడ్లడిగి పట్టుకెళతారు. అప్పుడు చూడాలి కోటిరత్నం నడక!

"నాకు తెలుసు, ఇది ఆ నజీరా సంతలో కొన్న పిల్లల వల్లే," అని గోడ అవతలికి వినపడేలా అరిచింది.

"మావీ పోతున్నాయి కదక్కా! నన్నంటావేంటి?" అని పక్కింటి నజీరా అక్కడి నుంచే బదులిచ్చింది.

హారిక గుమ్మంలోకొచ్చింది. పశువైద్యం చదివి ఈమధ్యే పట్టాతో ఇల్లు చేరిన కూతురు. 'మనుషుల డాక్టరు కాలేకపోయిందా, కోళ్ల డాక్టరా?' అని చుట్టాలు నవ్వుతుంటే కోటిరత్నం మాట మార్చేది. ఆ సంగతి హారిక గమనించింది, ఏనాడూ పైకి అనలేదు.

"అమ్మా, ఇది ఇక బతకదు. కోసి చూస్తే గానీ సంగతి తెలియదు."

"కోసి చూడ్డానికా నిన్ను చదివించింది? మందేదైనా ఇవ్వు!"

"దీనికి మందు లేదనిపిస్తోందమ్మా. మిగతావాటినైనా దక్కించుకుందాం."

అక్కడే ఉన్న తండ్రి బుల్లయ్య కళ్లతోనే సరేనన్నాడు. పుంజుకి బాధ తెలియకుండా ప్రాణం తీసి, చేతులకి తొడుగులేసుకుని కోసింది హారిక. కాలేయం ఉబ్బిపోయి, నిండా తెల్లటి గడ్డలు. తొడలు విప్పి చూపించింది. ఒక పక్క నరం సన్నటి దారంలా ఉంది, రెండో పక్కది వాచి లావెక్కింది.

"ఇది కేన్సరమ్మా."

బుల్లయ్య ఒకడుగు వెనక్కేశాడు. "కోళ్లకి కేన్సరేంటే? మనకంటుద్దా?"

"మనకి రాదు నాన్నా. మారెక్స్ అని, వైరస్ వల్ల వస్తుంది. కోడి ఈకల మొదళ్లలో పెరిగి, చర్మం మీది పొట్టుతో పాటు రాలి దుమ్ములో కలుస్తుంది. పిల్ల ఆ దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి దిగుతుంది. జబ్బుతో పోరాడాల్సిన కణాల్లోనే నక్కి కూర్చుంటుంది. కొన్నాళ్లు పైకేమీ తెలియదు. తర్వాత ఆ కణాలే అదుపు తప్పి పెరిగి ఇలా గడ్డలు కడతాయి. నరాల్లో చేరితే కాలు పడిపోతుంది."

ఈకలనగానే కోటిరత్నం చూపు తనకు తెలియకుండానే పాకలో గంప మీదకి పోయింది. వాళ్లమ్మ నేర్పిన పద్ధతి. ముసలి ఎర్రపెట్ట రాల్చిన ఈకలు ఏరి, గంపలో మెత్తగా పరిచి, అందులోనే గుడ్లు పొదగేస్తుంది. పిల్లలు వెచ్చగా పుడతాయని. నజీరాకి గుడ్లిచ్చినప్పుడు అలాంటి గంపే ఇచ్చింది.

"ఎర్రపెట్టకేం రోగం? రాయిలా ఉందిగా!"

"తట్టుకుంది, అంతే. ఒంట్లో ఉండే ఉంటుంది. దాని ఈకల్లో పుట్టిన పిల్ల కళ్లు తెరిచీ తెరవగానే పీల్చేస్తోంది."

"అంటే నా పిల్లల్ని నా చేత్తో నేనే చంపుకున్నానంటావు!" అని కోటిరత్నం విరుచుకుపడింది. "మా అమ్మ చేసింది తప్పు, నేను చేసింది తప్పు. నీ చదువొక్కటే ఒప్పు!"

"తప్పని ఎవరన్నారమ్మా? నీకు తెలియదు. ఇప్పుడు తెలిసింది. వైరస్ గుడ్డులోకి పోదు. ఎర్రపెట్ట గుడ్లని మిషన్లో పొదిగించి, పుట్టిన రోజే మెడ దగ్గర టీకా వేద్దాం. అది పనిచేసేదాకా పెద్దకోళ్లకి దూరంగా పెంచాలి. టీకా వేసినా వైరస్ సోకొచ్చు గానీ గడ్డలు కట్టనివ్వదు. అమ్మమ్మ ఇచ్చిన జాతి నిలుస్తుంది."

"తల్లి రెక్క కింద పెరగని పిల్లలు పిల్లలేనా? కన్నతల్లి నుంచి విడదీస్తావా?"

హారిక తొడుగులు తీసేసి తల్లి ఎదురుగా నిలబడింది.

"నన్ను నువ్వెక్కడ పెంచావమ్మా? ఆరో తరగతిలోనే హాస్టల్లో దింపావు. గేటు దగ్గర నేను ఏడుస్తుంటే వెనక్కి కూడా చూడలేదు."

"చూస్తే తీసుకొచ్చేస్తానని..." అని కోటిరత్నం చటుక్కున ఆగిపోయింది.

"నేను బాగుపడాలనేగా. బాగుపడలేదా?"

కోటిరత్నం ఇక ఆపుకోలేకపోయింది. కూతుర్ని పట్టుకుని బావురుమంది. ఆ ఏడుపులో చచ్చిన కోళ్ల బాధ ఉంది. చుట్టాల ముందు ఇన్నాళ్లూ మాట మార్చినందుకు సిగ్గు కూడా ఉంది. కాసేపటికి కళ్లు తుడుచుకుని, ఈకల గంపని తీసుకెళ్లి తనే నిప్పంటించింది. తిన్నగా గోడ దగ్గరికెళ్లి, "నజీరా, నిన్ననవసరంగా ఆడిపోసుకున్నానే. జబ్బు నా గంపలోంచే వచ్చింది. నీ గంపా తగలబెట్టు," అంది.

టీకా సీసా కలిపితే గంటలోపు వాడేయాలి. ఒక్క సీసా వందల పిల్లలకి సరిపోతుంది, మిగిలితే పారబోయడమే అంది హారిక. ఆ మాట వినగానే కోటిరత్నం పాత దర్జా తిరిగొచ్చింది. ఇల్లిల్లూ తిరిగి గుడ్లు పోగుచేసింది. నజీరా తమ్ముడు ఎక్కడి నుంచో పొదిగే మిషను తెచ్చాడు. ముందుగది కడిగి, సున్నం వేసి, అందులో పెట్టారు.

పిల్లలు బయటికొచ్చిన రోజు వీధి వీధంతా వాకిట్లోనే ఉంది. లోపల హారిక టీకాలేస్తుంటే నజీరా ఒక్కో పిల్లనీ అందిస్తోంది. గుమ్మంలో కోటిరత్నం కాపలా. కాళ్లూ చేతులూ కడగకుండా కట్టుకున్న మొగుణ్ని కూడా రానివ్వలేదు.

సత్తెనపల్లి నుంచి ఆడపడుచు ఫోన్. "హారిక ఏం చేస్తోంది వదినా?"

కోటిరత్నం స్పీకర్ నొక్కి మరీ వీధికంతా వినపడేలా చెప్పింది.

"ఏం చేస్తుందేంటి? మా అమ్మాయి కోళ్ల డాక్టరు! మా వీధి పిల్లలన్నిటికీ ప్రాణం పోస్తోంది!"

లోపల హారిక చేయి ఒక్క క్షణం ఆగింది. తల వంచుకుని భుజంతో కళ్లు ఒత్తుకుని మళ్లీ పనిలో పడింది.

పిల్లల కిచకిచలు విని ఎర్రపెట్ట గుమ్మం దాకా వచ్చి ఒకటే అరుస్తోంది. కోటిరత్నం దాన్ని చంకనెత్తుకుని పెరటివైపు నడిచింది.

"ఊరుకోవే. వెనక్కి చూడకు," అంది దాని వీపు నిమురుతూ. "నేనూ చూడలేదు. చూడు, నా పిల్ల ఎంతదైందో!"