పచ్చి ఫొటోలు

శృంగవరపుకోట మెయిన్ రోడ్డులో ఒక ఫొటో స్టూడియో షట్టర్ తాళం పగిలింది. గురువారం తెల్లారేసరికి సంగతి బయటపడింది. పోయింది ఒకే ఒక్క హార్డ్ డిస్క్.

కెమెరాలు అల్మైరాలో భద్రంగా ఉన్నాయి. ఖరీదైన లెన్సుల జోలికి ఎవరూ పోలేదు. కంప్యూటర్ కదల్లేదు. ఇంత నిగ్రహం ఉన్న దొంగను ఎస్సై అనూరాధ తన సర్వీసులో చూడలేదు.

“ఆ డిస్క్‌లో ఏముంది?”

“పచ్చి ఫైళ్ళు మేడమ్. రా ఫైళ్ళంటారు కదా, అవే. కెమెరా చూసింది చూసినట్టు ఉంటాది. ఈ వారం తీసినవన్నీ అందులోనే ఉన్నాయి.”

చెప్పినవాడు స్టూడియో యజమాని మురళీమోహన్. ఊళ్ళో సగం పెళ్ళిళ్ళు అతని కెమెరాలోనే జరిగాయి.

“కాపీలు లేవా?”

“లేకేమండి! ఒక్కో కెమెరా కంపెనీది ఒక్కో రకం ఫైలు. రేపు ఆ కంపెనీ మూతపడితే తెరిచే దిక్కుండదు. అందుకే అన్నీ డీఎన్‌జీలోకి మార్చి ఈ కంప్యూటర్‌లో దాస్తాను. అది ఎవరి సొంతమూ కాని ఫార్మాట్. మనవల కాలంలోనైనా తెరుచుకుంటాది.”

“అయితే మీకు పోయిందేమీ లేదన్నమాట.”

మురళీమోహన్ తడబడ్డాడు. “ఒరిజినల్ ఒరిజినలే కదండి.”

అనూరాధ స్టేషన్‌కు తిరిగొచ్చేసరికి బెంచీ మీద ఒకామె కూర్చుని ఉంది. నలిగిన నేత చీర. ఏడ్చి ఏడ్చి ఎండిపోయిన కళ్ళు.

“ఫొటోలు ఇప్పించమంటోంది మేడమ్. ఎంత చెప్పినా కదలట్లేదు,” అన్నాడు కానిస్టేబుల్ దాలయ్య విసుగ్గా.

ఆమె పేరు లక్ష్మణమ్మ. సాలూరు దగ్గర పల్లెలో వ్యవసాయం. ఒక్కతే కూతురు గౌరి. అల్లుడు రమేష్‌బాబుకు ఈ ఊళ్ళోనే ఎరువుల కొట్టు. సోమవారం ఉదయం గౌరి చనిపోయింది. గుండెపోటు అన్నారు. ఆ మధ్యాహ్నమే దహనం అయిపోయింది.

“నాను వచ్చేసరికే తానం సేయించేసారమ్మా. మెడ నిండా పసుపు మందంగా మెత్తేసారు. పుట్టింటి పసుపు, పుట్టింటి సీర రాకుండా ముత్తైదువుకి తానం సేయిత్తారేటి ఎక్కడైనా?”

“ఎందుకంత తొందరపడ్డారు?”

“అదే నాకు తెల్దు.”

“మరి ఫొటోల సంగతేమిటమ్మా?”

“పెద్దకార్యానికి పటం కట్టించుకుందారని నిన్న దీపాలేల ఆ మెయిన్ రోడ్డు స్టూడియో ఫొటోలాయనకి ఫోన్ సేసేను. ఉన్నవన్నీ ఇచ్చెయ్యి బాబూ అన్నాను. ‘పచ్చివి ఇయ్యకూడదమ్మా, కడిగినవే ఇత్తాం’ అన్నాడు. అంటే నా పిల్లకి తానం సేయించకముందు కూడా తీసేడన్నమాటే గదా? ఆటిల్లో పసుపు లేని మెడ ఉంటాది. అది నాకు సూడాలని ఉన్నాది. ఇయ్యకపోతే టేసన్‌కి ఎల్తానని సెప్పేను.”

దాలయ్య ఫక్కున నవ్వబోయి ఆపుకున్నాడు. పచ్చివంటే రా ఫైళ్ళు. కడగడమంటే ఫొటో తయారు చెయ్యడం. ఫిల్ములు పోయి ఎన్నాళ్ళయినా ఫొటోవాళ్ళ నోట్లోంచి ఆ మాట పోలేదు. పాపం ఆ తల్లి కూతురి శవం గురించి అనుకుంది.

అనూరాధకు నవ్వు రాలేదు. ఈమె పోలీసుల మాట ఎత్తింది నిన్న సాయంత్రం. పచ్చి ఫైళ్ళు మాయమైంది నిన్న రాత్రి.

నేరుగా ఎరువుల కొట్టుకు వెళ్ళింది. రమేష్‌బాబు కుర్చీ తుడిచి వేశాడు. ఆమె కూర్చోలేదు.

“ఫొటోగ్రాఫర్‌ని ఎవరు పిలిచారు?”

“మా నాన్నండి. మొహం తేటగా ఉన్నప్పుడే తీయించాలన్నాడంట. నేను డాక్టర్ కోసం ఎళ్ళేను.”

“తీసేటప్పటికి స్నానం చేయించారా?”

“లేదండి.”

“డాక్టర్ వచ్చాడా?”

“పోయినాక ఇంకెందుకని...”

“పోయిందని ఎవరు చెప్పారు?”

“సూస్తే తెలవదేటండి?”

గొంతు పెంచాడు కాని చూపు నేల మీదే ఉంది. తల్లిది అపార్థమే. కాని ఆ అపార్థం సరిగ్గా నిజం మీద పడింది. కడగని గౌరికి ఫొటోలున్నాయి.

శుక్రవారం ఉదయం స్టూడియోలో అందరూ ఉన్నారు. లక్ష్మణమ్మ స్టూలు మీద. రమేష్‌బాబు గోడ పక్కన. తలుపు దగ్గర దాలయ్య.

“గౌరి ఫొటో తెరవండి,” అంది అనూరాధ.

మురళీమోహన్ హుషారుగా మౌస్ అందుకున్నాడు. తెర మీద గౌరి మొహం వచ్చింది. చాప, చెదిరిన జుట్టు. పసుపు ఇంకా పడని మెడ నున్నగా ఉంది.

“చూడమ్మా, ఏటైనా ఉన్నాదా? డీఎన్‌జీ అంటే పాతకాలం నెగటివ్‌తో సమానం. అందులో ఉన్నదాన్ని మార్చడం ఎవరి తరమూ కాదు.”

రమేష్‌బాబు గట్టిగా ఊపిరి వదిలాడు.

“నిజమే, ఎవరి తరమూ కాదు,” అంది అనూరాధ. “మీ తరమూ కాలేదు.”

“ఏటండి?”

“ఫైలు పక్కనే తేదీలున్నాయి చూడండి. ఇది తయారైంది సోమవారం. చివరిసారి మార్పు జరిగింది బుధవారం రాత్రి, ఈ అమ్మ ఫోన్ చేశాక. ఆ రాత్రి దీన్ని ఎవరు తెరిచారు?”

మురళీమోహన్ మౌస్ వదిలేశాడు.

“మామూలు జేపెగ్ ఫొటో మీద మచ్చ తుడిస్తే పోతుంది. మీకు చెయ్యి తిరిగిన పని. డీఎన్‌జీలో అలా కాదు. ‘ఇక్కడ కప్పు’ అన్న ఆదేశం మాత్రమే ఫైల్లో చేరుతుంది. అడుగున కెమెరా చూసింది అలాగే ఉంటుంది. ఒరిజినల్ మాయం చేసి, తుడిచిన కాపీని సాక్ష్యంగా చూపిస్తే సరిపోతుందనుకున్నారు. అందుకే మీ దొంగ డిస్క్ ఒక్కటే పట్టుకుపోయాడు.”

ఆమె వంగి, ఆ ఆదేశాలన్నీ తీసేసే రీసెట్ బటన్ నొక్కింది.

గౌరి మెడకు ఒకవైపు నాలుగు వేళ్ళ గుర్తులు తేలాయి. రెండోవైపు బొటనవేలు.

మురళీమోహన్ తెర మీంచి మొహం తిప్పేసుకున్నాడు. “సచ్చినోళ్ళ మొహం మీద మచ్చలు తీసెయ్యడం మా పనేనండి. రోజూ సేసేదే. ఈ అమ్మ టేసన్ అనగానే రమేష్‌బాబుకి సెప్పేను, తుడిసెయ్యమన్నాడు. తాళం నేనే పగలగొట్టి డిస్క్ గోస్తని ఏట్లో పడేసేను. బజారు పెద్ద, ఈయన మాట కాదంటే ఈ బజార్లో నాకు ఒక్క పెళ్ళి కూడా రాదు.”

పెళ్ళి ఫొటోల కోసం ఒక ఆడదాని చావును కడిగేశాడు. అతన్ని చూస్తుంటే అనూరాధకు ఒళ్ళు మండిపోయింది.

“మాటా మాటా పెరిగింది మేడమ్. సెయ్యి జారింది,” రమేష్‌బాబు గొణిగాడు.

“గొంతు మీద ఐదు వేళ్ళూ జారవు.”

దాలయ్య అతని రెక్క పట్టుకున్నాడు.

లక్ష్మణమ్మ అల్లుడి వైపు చూడలేదు. తిట్టలేదు. లేచి తెర దగ్గరకు వచ్చింది. వేళ్ళ గుర్తుల మీద కాదు, వాటికి పైన చెవి కింద ఆకుపచ్చగా మాగిన మరో మరక మీద వేలు పెట్టింది.

“ఇదేటమ్మా?”

అనూరాధ చెప్పాలా వద్దా అని ఆలోచించింది. “అది పాతదమ్మా. వారం, పది రోజుల కిందటిది అయి ఉంటుంది.”

“అప్పుడు ఇంటికొచ్చింది. మెడకి కొంగు సుట్టుకుని కూకుంది. సలేస్తన్నాదేటే అనడిగేను. ఔనంది. ఎండ మండిపోతన్నాది, అయినా ఔనంది. మర్నాడు నానే బస్సెక్కించి పంపేసేను.”

లక్ష్మణమ్మ అనూరాధ చెయ్యి పట్టుకుంది.

“ఆ ఏళ్ళ గుర్తులు ఉండనీ తల్లీ. కోర్టోలు సూడనీ. ఈ పాతదొక్కటీ తుడిసియ్యమ్మా.”

“తుడిచినా పోదమ్మా,” అంది అనూరాధ.