రేకు మీది సిపాయి వేలు

మా ఊళ్ళో ఫొటోల మేడ ఎక్కినవాడు మెడ పట్టేసి దిగుతాడని పేరు. అక్కడి కుర్చీ వెనక ఒక ఇనుప పట్టు ఉంది. వెనకటి రోజుల్లో ఫొటో తీసేదాకా మనిషి తల కదలకుండా మెడను అది పట్టుకునేది. ఫొటోలాయన పోయి యాభై ఏళ్లు... కుర్చీ, పట్టు, కెమెరా పెట్టె అలాగే ఉన్నాయి.

తాళాలు చూసే లైమన్ నాతో చెప్పిందిది. శవపేటికలు చేసే నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు.

ఒక ఏడు, వెనకటి అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది తరఫున పోరాడిన మా ఒహాయో వాళ్ల పేర్లు రాతి మీద చెక్కిస్తున్నారు. పాత ఫొటో చూసి సిపాయిది ఏ పటాలమో చెప్పడంలో థర్లో మాటకు తిరుగులేదు. ఎనభై ఏళ్ల ఓర్ఫా తన తండ్రి ఫొటో తెచ్చింది — అరచేతిలో ఇమిడే ఇనుప రేకు మీద తీసింది.

"పొట్టి కోటు, అంచుకి పట్టీ, పొట్టి తుపాకీ. గుర్రపు పటాలం," అన్నాడు థర్లో. భూతద్దం దించలేదు. "మామ్మా, మీ నాన్న కుడి చూపుడు వేలేదీ?"

"ఎడమది బాబూ. కత్తివేటుకి పోయింది."

"కుడిది. తుపాకీ మీట నొక్కే వేలు. ఇంటికి పంపేస్తారని తనే కాల్చుకున్నాడు."

అప్పటికే చెక్కిన పేరుని ఆమె ఎదుటే గీకించాడు. రాతిపొడి ఆమె గౌను మీద పడింది.

"దులుపుకో మామ్మా. మీ నాన్నే అది."

వారం తిరక్కుండా ఓర్ఫా పోయింది.

ఆ కెమెరా పెట్టె కావాలని ఒక రాత్రి థర్లో మేడ ఎక్కాడు. లైమన్ కింద లాంతరుతో నిలబడ్డాడు. పైన కుర్చీ కిర్రుమంది...

"ఎవరూ..." థర్లో గొంతు.

ఇంకో గొంతు — మెల్లిగా. "కదలకు. చెడిపోతుంది."

ఇనుము బిగిసిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు.

లైమన్ వెళ్లేసరికి థర్లో మెడ పట్టులో ఉంది. బతికే ఉన్నాడు. ఎడమ చూపుడు వేలు లేదు. నెత్తురూ లేదు... ఎప్పుడో మానిన మచ్చ.

ఒళ్లో తడి ఆరని కొత్త రేకు. అందులో థర్లో. రేకులో మాత్రం లేనిది — కుడి వేలు.

ఆ రేకులన్నీ అంతే. అద్దంలోలాగా కుడి ఎడమవుతుంది. ఆ విద్యలో మొదటి పాఠమది. థర్లోకి తెలియక కాదు, ఆ రోజు భూతద్దం కంటే నోరు ముందు కదిలింది.

"రేపు ఊరికి చెప్పి ఆ పేరు మళ్లీ చెక్కించెయ్యి," అన్నాడు లైమన్.

"నువ్వు నోరు మూసుకో."

చేతులకి తొడుగులు వేసుకుని ఇంకో తొమ్మిదేళ్లు బతికాడు. గీకిన చోటు అలాగే ఉంది.

మొన్న థర్లో శవాన్ని పెట్టెలో పెట్టేముందు తొడుగులు తీసింది నేనే. లోపలినుంచి దూది రాలింది... రెండు చేతులకీ ఒక్క వేలూ లేదు.