అన్న ఇంటి రూటర్

అన్నను చంపింది తూటా. ఆ తూటాకు దారి చూపించింది మాత్రం ఆయన ఇంటి రూటరే.

"ఆ రోజు ఏ దారిన వెళ్తాడో మీ అన్న ఇంట్లోంచి మన ఆఫీసుకి మెయిల్ చేశాడు. శత్రు ముఠా రూటర్‌లో దూరి చదివేసింది" అన్నాడు గూఢచార శాఖ చీఫ్. "రెండేళ్లుగా దాని ఫర్మ్‌వేర్, అంటే లోపలి సాఫ్ట్‌వేర్, అప్‌డేట్ కాలేదు."

"అన్న ఆటో అప్‌డేట్ పెట్టుకున్నాడు సార్" అన్నాడు తమ్ముడు, చీఫ్ కింద పనిచేసే ఏజెంట్.

"ఆపేశారు. ఇంట్లోంచే."

ఏజెంట్ పిడికిలి బిగుసుకుంది. ఆ ఇంట్లో అన్న కాక ఉండేది వదిన ఒక్కతే.

"ఇప్పుడు వాళ్ల గుప్పిట్లో నలభై వేల ఇళ్ల రూటర్లున్నాయి. మధ్యాహ్నం పన్నెండుకి అన్నీ కలిసి పవర్ గ్రిడ్ మీద పడతాయి. ఆస్పత్రులతో సహా అంతా చీకటే. వాటన్నిటికీ ఆజ్ఞలిచ్చే పెద్ద మీ వదిన ఇంట్లోదే. పీకేస్తే ఇంకోటి పెద్దవుతుంది. దాన్ని అప్‌డేట్ చేస్తే అన్నిటికీ అదే పాకుతుంది." చీఫ్ ఆగాడు. "ఆవిడ నాకు ప్రాణాలతో కావాలి."



ఈసారి మారువేషం అక్కర్లేకపోయింది. మరిది వేషమే చాలు.

"ఇన్నాళ్లకి గుర్తొచ్చానా?" తలుపు తీసింది వదిన. నల్లచీర, ముత్యాల దుద్దులు, మనిషిని నిలబెట్టేసే నవ్వు.

"అన్న పుస్తకాలు తీసుకెళ్దామని వదినా."

ఆమె కాఫీకి వెళ్లగానే అతను పెన్ను మూత విప్పి, అందులోని కేబుల్‌ను రూటర్‌కు తగిలించాడు. ఫోన్ తెరమీద ఒకే ప్రశ్న: అడ్మిన్ పాస్‌వర్డ్?

పదకొండు యాభై రెండు.

"మార్చేశాలే." వెనకనుంచి వదిన గొంతు. ఒక చేతిలో కాఫీ ట్రే, రెండో చేతిలో పిస్టల్.

"అన్న నీకేం తక్కువ చేశాడు?"

"ఏమీ చెయ్యలేదు. పెళ్లినాటికే నేను వాళ్ల మనిషిని."

అతను ట్రేని కాలితో ఎగదన్నాడు. వేడి కాఫీ ఆమె మణికట్టు మీద పడింది. మరుక్షణం పిస్టల్ అతని చేతిలో ఉంది, ఆమె నుదుటికి ఆని.

"కాల్చు" నవ్విందామె. "పాస్‌వర్డ్ కూడా నాతోనే పోతుంది."

వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్లింది. అన్న పోయినప్పటినుంచి, ఎనిమిది నెలలుగా ఈ క్షణం కోసమే బతికాడు. కష్టం మీద వేలు తీశాడు.

"నిన్ను చంపడం నాకెందుకు? నువ్వు మావైపు తిరిగావని మీవాళ్లకి కబురు పంపేశా. ఈ ఇంటి నెట్‌నుంచే."

నవ్వు ఎగిరిపోయింది. "నన్ను ముక్కలు చేస్తారు!"

"జైల్లో ఉంటే చెయ్యలేరు. పాస్‌వర్డ్ చెప్తే తీసుకెళ్తా. లేదంటే కుర్చీకి కట్టేసి, తలుపు బార్లా తెరిచి నా దారిన పోతా."

పదకొండు యాభై ఎనిమిది.

"మా... పెళ్లిరోజు తారీఖు."

అతను అంకెలు నొక్కాడు. అప్‌డేట్ మొదలైంది. తొంభై శాతం. తొంభై ఏడు. పన్నెండుకు నాలుగు సెకన్లుండగా రూటర్ మీద ఎర్రదీపం ఆరి పచ్చదీపం వెలిగింది. గదిలో ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.

ఆమె చేతులకు బేడీలు వేసి, ఫోన్ చూపించాడు. "ఇందాకటిది అబద్ధం వదినా. కబురు ఇప్పుడు పంపుతున్నా."

సెండ్ నొక్కాడు. ఆమె గోడకు జారబడిపోయింది.

"పనయిందా?" చీఫ్ ఫోన్ చేశాడు.

"అయింది సార్. దొంగదారి మూసుకుపోయింది, నెట్ స్పీడు కూడా పెరిగింది. వాడుకోడానికే ఇంట్లో ఎవరూ మిగల్లేదు."