నెలకో మెహర్

జావాలోని మా సోలో ఊళ్లో, పాత వస్తువుల బజారు పైఅంతస్తులో ఆదివారం పొద్దున చాపలు పరుచుకుని కూర్చునే ఆడవాళ్లం మేము. పాత నాణేలు పోగేసే పిచ్చి మాది. మొగుళ్లకి విసుగు, కోడళ్లకి నవ్వులాట, మాకు మాత్రం పండగ.

మాలో చిన్నది వెనింగ్. తల్లి రుక్మిని పక్కనే కూర్చుంటుంది. వెనింగ్ వారమంతా పళ్ల డాక్టరు క్లినిక్‌లో జనం పళ్లు తళతళలాడించే పిల్ల. నాణెం మీద మాత్రం గుడ్డముక్క కూడా పెట్టనివ్వదు.

జాత్మికో అనే కుర్రాడు మొదటిసారి వచ్చింది ఆమె చాప దగ్గరికే.

"పాత రాగి నాణేలు కావాలండీ. మెహర్‌కి."

పెళ్లికొడుకు పెళ్లికూతురికి ఇచ్చే కానుక మెహర్. దాన్ని పాత నాణేలతో అందంగా పేర్చి ఇవ్వడం మా దగ్గర ఇప్పుడు మోజు. వెనింగ్ డబ్బా తెరిచింది. అతను గోధుమరంగు నాణెం ఒకటి తీసి పెదవి విరిచాడు.

"బాగా మాసిపోయిందే. ఫరవాలేదు, చింతపండూ ఉప్పూ వేసి తోమితే ధగధగలాడుతుంది."

వెనింగ్ అతని చేతిలోంచి నాణెం లాక్కుంది. "అంట్లగిన్నె అనుకున్నారా?"

"మురికి పట్టింది కదా అని..."

"మురికి కాదు. ఇన్నేళ్లుగా పట్టిన రంగు. ఒకసారి పోతే మళ్లీ రాదు. మీ మొహం చింతపండేసి తోమితే ఊరుకుంటారా?"

"ఈ మొహం మెరుస్తుందంటే తోమించుకుంటానండీ."

మేమంతా గొల్లున నవ్వాం. వెనింగ్ నవ్వలేదు కానీ చెవులు ఎర్రబడ్డాయి. తోమనని ఒట్టు వేయించుకుని మరీ నాణేలు ఇచ్చింది. అతను మెట్లు దిగేదాకా చూసి నిట్టూర్చింది.

"పెళ్లి కుదిరినవాడు పిన్నీ."

"నేనేమైనా అడిగానా?" అన్నాను.

తరువాతి ఆదివారం మళ్లీ వచ్చాడు, ఆకులో చుట్టిన వేడివేడి సెరాబి అట్లతో. ఆ పై ఆదివారం కూడా వచ్చాడు. నాణెం అంచులు పట్టుకోవాలని, ముఖం మీద వేలు పెట్టకూడదని ఆమె నేర్పేది. అతను నాణేలను భూతద్దంలో చూసేవాడు, ఆమెను భూతద్దం లేకుండా చూసేవాడు. ఇంకొకరికి కాబోయే మొగుడి కోసం ఎదురుచూడటం తప్పని వెనింగ్‌కి తెలుసు. అయినా ఎదురుచూసేది. పిల్ల మనసు పారేసుకుందని నాకూ, రుక్మినికీ తెలిసిపోయింది.

ఒక ఆదివారం కుండపోతగా వాన. అతను తడిసి ముద్దయి వచ్చి కూర్చున్నాడు. వెనింగ్ ఇక ఉండబట్టలేకపోయింది.

"ఇంతకీ పెళ్లెప్పుడు?"

"ఏ పెళ్లండీ? మొన్నటిది అయిపోయింది కదా."

ఆమె చేతిలోంచి భూతద్దం జారింది. "అయిపోయిందా?"

"బ్రహ్మాండంగా. ఇప్పుడు కొనేవి వచ్చే నెల పెళ్లికి."

"వచ్చే నెల ఇంకోటా?"

"ఈ సీజన్‌లో నాలుగున్నాయి. నిద్ర కూడా ఉండటం లేదండీ."

నా పక్కనున్నావిడ బుగ్గలు నొక్కుకుంది. వెనింగ్ నిలదీసింది. "మొన్నటి ఆవిడకి తెలుసా ఈ సంగతి?"

"తెలియకేం? తెగ సంబరపడింది. వాళ్ల చెల్లెలి పెళ్లికి కూడా నన్నే రమ్మంది."

వెనింగ్ లేచి నిలబడింది. "ఇక్కడ మీకు నాణేలు లేవు. దయచేసి వెళ్లండి."

పాపం, ఆ కుర్రాడికి ఏమీ అర్థం కాలేదు. అట్ల పొట్లం చాప మీద పెట్టి వానలోకి వెళ్లిపోయాడు. వెనింగ్ కళ్లనిండా నీళ్లు. నాకు మనసాగలేదు. అలాంటి మోసగాడి మొహం కాదు అది. గొడుగు తీసుకుని వెంటపడి మెట్ల కింద పట్టుకున్నాను.

"ఏం పని చేస్తావు బాబూ నువ్వు?"

"మెహర్ ఫ్రేములు కడతానండీ. పెళ్లివాళ్లు తేదీ చెబితే నాణేలు తెచ్చి అద్దంపెట్టెలో పేర్చి ఇస్తాను."

"మరి నీ పెళ్లో?"

"నాకింకా కాలేదు పిన్నిగారూ. సరుకు వేరేచోట కూడా దొరుకుతుంది. ఆవిడ కోసమే ఇక్కడికొస్తున్నాను. నేనేం తప్పన్నానో చెప్పండి, కాళ్లు పట్టుకుంటాను."

కాళ్లు వద్దని చెయ్యి పట్టుకుని పైకి లాక్కొచ్చాను. "నాకు చెప్పిందే ఇక్కడ చెప్పు" అన్నాను.

అతను వెనింగ్ ముందు చేతులు కట్టుకున్నాడు. "నేను పెళ్లికొడుకుని కాదండీ. ఫ్రేములు కట్టేవాణ్ని. మీరు తిట్టినప్పటినుంచి తోమడం మానేశాను, జిగురుతో అంటించడం కూడా మానేశాను. ఇప్పుడు అట్టలో గుండ్రంగా గాడులు కోసి, నాణేనికి దెబ్బ తగలకుండా అందులో కూర్చోబెడుతున్నాను. మీరంటే నాకు చాలా ఇష్టం. మీరు వెళ్లమంటే వెళ్తాను."

"నాలుగు పెళ్లిళ్లంటే..."

"నాలుగు ఫ్రేములు."

వెనింగ్ తల మీది ముసుగు లాక్కుని మొహం దాచుకుంది. ఏడుపో నవ్వో కాసేపు తెలియలేదు. నవ్వే.

రుక్మిని ముందుకు జరిగింది. "అబ్బాయ్, మెహర్ ఏం కావాలో చెప్పాల్సింది పెళ్లికూతురు. ధైర్యముంటే అడుగు."

మేమంతా ముందుకు వంగాం. ఈ పిల్ల ఏ అపురూపమైన నాణెం కోరుతుందో, ఈ కుర్రాడు ఎక్కడ తేగలడో అని నా బెంగ. మెహర్ ఏం కావాలని అతను అడిగాడు.

"జేబులో ఏముంది?" అంది వెనింగ్.

అతను వెతికి, బండి పార్కింగ్‌కి ఇవ్వగా మిగిలిన చిల్లర, ఒక టీ కూడా రాని ఐదువందల రుపియా బిళ్ల తీశాడు. "ఇది కొత్తదండీ. రోజూ చేతులు మారేదే. మీ డబ్బాలో పెట్టుకునేది కాదు."

"ఇన్నాళ్లూ వేరేవాళ్ల చేతుల్లో అరిగినవే దాచుకున్నాను. ఇది మనింట్లో అరగాలి."

అతను గబుక్కున బిళ్ల ఉన్న చెయ్యి చాచాడు. వెనింగ్ అతని వేళ్లు మూసి వెనక్కి నెట్టింది.

"ఇప్పుడు కాదు. మీ అమ్మానాన్నలతో మా ఇంటికొచ్చి ఇవ్వండి."

"రేపే వస్తాం."

"రేపు క్లినిక్ ఉంది. ఎల్లుండి రండి."

రుక్మిని తన శాలువా తీసి, వణుకుతున్న అల్లుడి భుజాల మీద కప్పింది.