ఖాళీ గదిలో తెల్ల చుక్క

మా ఆయనకీ నాకూ పెళ్ళయిన నాటి నుంచీ ఒకటే గొడవ, లాక్ వెయ్యాలా వద్దా అని. ఇద్దరం వీడియో గేముల్లో తప్పులు పట్టే ఉద్యోగమే చేస్తాం. కత్తియుద్ధాల ఆటల్లో ఒక బటన్ నొక్కితే శత్రువు మీద తెల్ల చుక్క పడుతుంది. ఇక కెమెరా చచ్చినా వాడి మీంచి కదలదు. అదే లాక్. మా ఆయన్ని నేను బావా అనే పిలుస్తాను; బావకి అది లేకపోతే చెయ్యి ఆడదు. నాకేమో ఒళ్ళు మంట. ఎటు చూడాలో నాకు ఇంకొకరు చెప్పేదేమిటి? నా కెమెరా నేనే తిప్పుకుంటాను.

"దిక్కులు చూస్తూ చస్తావే, మొండిఘటమా," అంటాడు.

"నువ్వు ఒకణ్ణే చూస్తూ వెనకవాడి చేతిలో చస్తావు," అంటాను.

ఆ మధ్యాహ్నం ఆఫీసు కింది గదిలో మేమిద్దరమే ఉన్నాం. మిగతావాళ్ళు భోజనాలకి పైకి వెళ్ళారు. కిటికీలు లేని గది అది. తెరలు బాగా కనిపించాలని దీపాలు ఆర్పే ఉంచుతాం. వేడెక్కిన మెషీన్ల వాసన, ఫ్యాన్ల గుర్రు. బావ ఖాళీ గది పరీక్ష చేస్తున్నాడు. అంటే ఆటలో ఎవరూ లేని గదిలోకి వెళ్ళి లాక్ నొక్కాలి. ఎవరూ లేరు కాబట్టి పడకూడదు. పిచ్చి పనే, కానీ తప్పదు.

నొక్కాడు. పడింది.

ఆటలోని గది మూలన, మనిషి గుండె ఎత్తున, ఉత్త గాల్లో తెల్ల చుక్క.

"భలే, తప్పు దొరికింది! తీసేసి మళ్ళీ నొక్కు," అన్నాను.

"పోవట్లేదే."

కంట్రోలర్ లాక్కుని నేనూ నొక్కాను. పోలేదు. విసుగొచ్చి మెషీన్ వైరు పీకేశాను. తెర నల్లబడింది.

బావ ఇంకా చూస్తూనే ఉన్నాడు. తెర వైపు కాదు... మేం కూర్చున్న గది మూలకి.

"బావా?"

"మెడ తిరగట్లేదే..."

నవ్వబోయాను. వేళాకోళాలు అతనికి మామూలే. అంతలో కుర్చీ చక్రాలు కదిలాయి. అతని కాళ్ళు నేలకి ఆనలేదు. కుర్చీ పక్కకి జరిగింది... మళ్ళీ ఇటు జరిగింది... మొహం మాత్రం మూలకే. లాక్ వేసిన హీరో శత్రువు చుట్టూ అచ్చం అలాగే తిరుగుతాడు. జరిగిన ప్రతిసారీ మూలకి ఇంకాస్త దగ్గర. తడి ఆరని పాత గుడ్డల వాసన.

కుర్చీ పట్టుకుని లాగాను. రాలేదు.

"ఏముందక్కడ?"

"చూడకే... నీకు దణ్ణం పెడతా." కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతున్నాయి. రెప్ప వెయ్యలేకపోతున్నాడు.

ఒళ్ళు మండిపోయింది. ఎవరు నువ్వు, నా మొగుణ్ణి పట్టుకోవడానికి? ఆటలో లాక్ విడిపించడానికి ఇంకో దారి ఉంది. మధ్యలో గోడో స్తంభమో అడ్డొస్తే అది తెగిపోతుంది.

నేనే అడ్డంగా నిలబడ్డాను. మూలకి వీపు పెట్టి, బావ మొహంలోకి చూస్తూ.

వీపు మీద చలి. చెవి దగ్గర ఎవరో ఊపిరి పీల్చారు... వదల్లేదు. ఏదో నా గడ్డం పట్టుకుని వెనక్కి తిప్పబోయింది. వేళ్ళు కావవి...

"తిప్పను," అన్నాను పళ్ళు బిగించి. "నా కళ్ళు నావి. పో!"

బావ రెప్ప వాల్చాడు. కుర్చీలోంచి కింద పడ్డాడు. చొక్కా పట్టుకుని మెట్ల మీదికి ఈడ్చుకుపోయాను.

ఉద్యోగం మానలేదు. నేనెందుకు మానాలి? మర్నాడే ఆ గదిలో దీపాలన్నీ వేసుకుని కూర్చున్నాను. మూలన ఏమీ లేదు.

కాకపోతే బావ ఇప్పుడు మాట్లాడేటప్పుడు నన్ను చూడడు. నా భుజం మీదుగా వెనక్కి చూస్తాడు. అడిగితే ఏం లేదులే అంటాడు. మొదట్లో ఎక్కడో దూరంగా చూసేవాడు. రానురాను ఆ చూపు దగ్గరికి వస్తోంది. రానీ, నేను మాత్రం తిరిగి చూడను.

ఇవాళ పొద్దున బావ నాకు కాఫీ ఇస్తుంటే ఆ చూపు నా చెవి పక్కన ఆగింది.

"తిరగకే," అన్నాడు గుసగుసగా.

తిరగలేదు. పంతంగా కాఫీ మొత్తం తాగాను. కప్పు దించేసరికి బావ తిన్నగా నా కళ్ళలోకే చూస్తున్నాడు... రెప్ప వెయ్యకుండా.